హెచ్చరిక: బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టించండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాత్రిపూట బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ మాట వెంటనే చేరాలి. సెల్ఫ్ కొడితే బండి మొరాయిస్తున్నా, రేజ్ చేసినప్పుడు వెలిగే హెడ్‌లైటు స్లో చేయగానే మసకబారిపోతున్నా, హారన్ గొంతు పూడుకుపోతున్నా, బల్బులు వరసపెట్టి మాడిపోతున్నా మీ బండి ఛార్జింగ్‌లో ఏదో తేడా వచ్చిందని గుర్తించండి. ఆ తేడా ఏమిటో తేలేదాకా చీకటి పడ్డాక ఆ బండి మీద 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కకండి. ఎక్కబోతే ఇంట్లోవాళ్లు తాళం తీసి దాచేయండి.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క చెప్పింది. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఢీకొన్న తీరు చూస్తే వెనకనుంచి వచ్చి గుద్దిన ప్రమాదాలదే పెద్ద వాటా. వెనక లైటు వెలగని బండిని లారీ డ్రైవరు చూసేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. ఆ ఒక్క లైటు ఆరిపోవడానికి కారణం సీటు కిందో, ట్యాంకు కిందో వైర్లని కలిపే చోట కాలిపోయిన చిన్న ప్లాస్టిక్ కప్లర్ కావచ్చు.

మన దగ్గర ఆ జాతీయ రహదారి మీద రాత్రిపూట తిరిగేది ఎవరో ఒకసారి తలచుకోండి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి రణస్థలం, ఎచ్చెర్ల వైపు ఇంటికి పోయేవాళ్లు. డయాలసిస్ చేయించుకోవాల్సిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని ఉద్దానం పల్లెల నుంచి తెల్లారకముందే పలాస బయల్దేరే కొడుకులు. కళింగపట్నం, భావనపాడు వైపు తీరాన చేపలు ఎత్తుకుని, వెనక లైటు కనపడకుండా అడ్డంగా బాక్సు కట్టుకుని సంతకి పరుగెత్తేవాళ్లు. డిసెంబరు, జనవరి నెలల్లో సోంపేట, టెక్కలి దగ్గర పొద్దున్నే మంచు కమ్మేస్తే పది గజాల అవతల ఏముందో తెలియదు. ఊరి రోడ్లెక్కితే అదే కాలంలో తారు మీద ధాన్యం ఎండబోసి, బరకాల అంచుల మీద రాళ్లు పెట్టి ఉంటారు. మసక లైటుతో ఆ రాయి కనపడదు.

ఇంతకుముందు బళ్లకీ ఇప్పటి బళ్లకీ తేడా ఉంది, అది చాలామందికి ఎవరూ చెప్పలేదు. పాత బళ్లలో బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొట్టి ఇంటికి చేరేవాళ్లం. చాలా బళ్లలో హెడ్‌లైటు, ఇంజన్ దగ్గర కరెంటు పుట్టించే కాయిల్ మీదే నేరుగా వెలిగేది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఇంజన్ ఆన్ అయితే హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలొచ్చి కార్బ్యురేటర్ పోయింది, దాని చోట ఇంధన పంపు, ఇంజెక్టరు, వాటిని నడిపే చిన్న కంప్యూటరు వచ్చాయి. వీటన్నిటికీ కరెంటే తిండి. ఏబీఎస్ ఉన్న బళ్లలో బ్రేకుల సాయం కూడా కరెంటు మీదే ఆధారపడింది.

లెక్క వేసి చూడండి. మామూలు 100, 125 సీసీ బండిలో ఉండేది 3 నుంచి 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ. హెడ్‌లైటు బల్బు ఒక్కటే 35 వాట్లు, అంటే దగ్గర దగ్గర 3 ఆంపియర్లు లాగుతుంది. దాని మీద వెనక లైటు, పంపు, ఇంజెక్టరు, ఇగ్నిషన్ కలిపితే 5 ఆంపియర్ల దాకా పోతుంది. ఛార్జింగ్ ఎక్కడం ఆగిపోయిన క్షణం నుంచి 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం లెక్కకే గంట ఆగదు. అది పాతబడితే అరగంట కూడా గట్టి కాదు. షిఫ్టు దిగి బయల్దేరినప్పుడు బాగానే ఉన్న బండి నడి దారిలో ముందు లైటు ఎర్రబడి, మీటరు బోర్డు మిణుకుమిణుకుమని, ఇంజన్ దగ్గి ఆగిపోతుంది. ఆగేది రోడ్డు మధ్యలో. ఆ క్షణంలో వెనక లైటూ ఉండదు, ఇండికేటరూ ఉండదు.

ఇక్కడే మనం చేసే పెద్ద పొరపాటు మొదలవుతుంది. 

"ఏటన్నా, సెల్ఫ్ కొట్టట్లేదు?" 

"బేటరీ పోనాది బాబూ, కొత్తది ఏసేద్దాం." 

ఏ జంక్షన్‌లోనైనా వినపడే మాటే ఇది. వెయ్యి రూపాయల పైనే పెట్టి కొత్త బ్యాటరీ వేస్తారు. అది షాపులో నిండా ఛార్జ్ చేసి ఇచ్చింది కాబట్టి నాలుగు రోజులు బండి పలుకుతుంది. అందరూ రోగం కుదిరిందనుకుంటారు. కాయిల్ కాలిపోయి ఉంటే మాత్రం ఆ కొత్త బ్యాటరీలోకి చుక్క కరెంటు ఎక్కదు. కుళాయి రాకపోతే తొట్టి మార్చినట్టే. అయిదో రోజు రాత్రి, ధైర్యంగా దూరం బయల్దేరినప్పుడు అది దిగిపోతుంది. బ్యాటరీ అమ్మిన మనిషిని తిట్టి లాభం లేదు. పెట్టాల్సిన మీటరు ఎవరూ పెట్టలేదు.

ఆ మీటరు, అంటే మల్టీమీటరు, మూడు నాలుగు వందల రూపాయలకి దొరుకుతుంది. బండి బాగుచేసే ప్రతి షాపులో ఉండాలి, ఊరికి ఒకటైనా ఉండాలి. దానితో చూడాల్సిన వరస చెబుతాను. మీరే చూసుకున్నా సరే, మెకానిక్ దగ్గర పక్కన నిలబడి చూపించమన్నా సరే.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే తాళం తిప్పకుండా బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ. 12కి దిగువన ఉంటే దిగిపోయినట్టే. మీటరు అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టించండి. అప్పుడు 10 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ వదులైంది. టెర్మినల్ స్క్రూ బిగించి, తెల్లగా పేరుకున్న పొడి గీకేసి మళ్లీ చూడండి. చాలా బళ్ల జబ్బు ఇక్కడితోనే కుదిరిపోతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

తర్వాత బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైటు వెలుగుతుండగా బాగా రేజ్ చేసి పట్టుకోండి. మీటరు 13.5 నుంచి 14.5 మధ్యలో నిలబడాలి. కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు. రేజ్ చేసినా 13 దాటకపోతే ఛార్జింగ్ ఎక్కడం లేదు. 15 దాటిపోతే రెగ్యులేటర్ చెడిపోయి బ్యాటరీని ఉడికిస్తోంది. ఈ రెండు జబ్బులకీ కొత్త బ్యాటరీ మందు కాదు.

ఛార్జింగ్ ఎక్కకపోతే మొదట వెతకాల్సింది కప్లర్. ఇంజన్ పక్కన అయస్కాంతం తిరిగే చోట ఉన్న స్టేటర్ కాయిల్ నుంచి వైర్లు, ఎక్కువ బళ్లలో మూడు పసుపు వైర్లు, రెగ్యులేటర్ రెక్టిఫయర్‌కి వెళ్తాయి. మెకానిక్‌లు ఆర్ఆర్ యూనిట్ అనేది దాన్నే. కాయిల్‌లో పుట్టేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చి, వోల్టేజీ హద్దు దాటకుండా పట్టి ఉంచే పని ఈ యూనిట్‌ది. ఈ రెంటి మధ్య కప్లర్‌ని ఊడదీసి వెలుతురులో పట్టుకుని చూడండి. బాగున్న కప్లర్ తెల్లగా, పిన్నులు మెరుస్తూ ఉంటాయి. చెడిపోయినది ఒక మూల గోధుమరంగుకి తిరిగి, ప్లాస్టిక్ మెత్తబడి వంకరపోయి, ఒక పిన్ను నల్లగా కమిలి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. తీరప్రాంతం బళ్లలో అయితే పిన్నుల మీద పచ్చటి చిలుము. సముద్రపు గాలిలో ఉప్పు రాగిని తినేస్తుంది, పిన్ను సన్నబడి వదులవుతుంది, వదులైన చోట కరెంటు వేడి పుట్టిస్తుంది, వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. అంతా సీటు కింద, ఎవరికీ కనపడకుండా జరుగుతుంది. రేపు మంట లేచేది కూడా అక్కడే.

కప్లర్ బాగుంటే, దాన్ని ఊడదీసి ఉంచే బండి స్టార్ట్ చేసి, కాయిల్ వైపు పసుపు వైర్లలో రెండేసి చొప్పున ఏసీ వోల్టులు చూడాలి. మూడు జతల్లోనూ ఒకేలా, రేజ్ చేసేకొద్దీ పెరుగుతూ రావాలి. ఒక జత తక్కువ చూపిస్తే కాయిల్ పోయినట్టే. జాగ్రత్త, రేజ్ చేసినప్పుడు అక్కడ 40, 50 వోల్టులు దాటిపోతుంది, తడి చేతులతో ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఇంజన్ ఆపేసి పసుపు వైర్లకీ బండి బాడీకీ మధ్య కంటిన్యూటీ చూడండి. మీటరు కూతపెట్టకూడదు. పెడితే కాయిల్ ఎర్త్ అయింది. చిన్న బళ్లలో వైర్ల సంఖ్యా రంగులూ వేరుగా ఉండొచ్చు, మీ బండి అంకెలు కంపెనీ మాన్యువల్‌లో ఉంటాయి. కాయిల్ బాగుండి కూడా బ్యాటరీకి కరెంటు చేరడం లేదంటే మిగిలింది ఆర్ఆర్ యూనిట్, దాని ఎర్తు, అక్కణ్నుంచి బ్యాటరీదాకా వచ్చే వైరు. ఆ యూనిట్ మీద అల్యూమినియం రెక్కలు ఉన్నది వేడి దిగడానికి. వాటి మధ్య బురద గట్టిపడిపోయి ఉంటే ముందు కడిగేయండి.

కాయిల్ పోతే రివైండింగ్ చేయించడం మన దగ్గర మామూలే. మంచి చేతిలో అది బాగానే పనిచేస్తుంది. అయితే కాయిల్ ఉండేది ఇంజన్ వేడిలో, చాలా బళ్లలో నూనె మధ్యలో. ఆ వేడికి తట్టుకునే వార్నిష్, తీగ వాడతారో లేదో అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే కంపెనీ కాయిల్ కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు ఈ హెచ్చరికలో అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట. కాలిపోయిన ఫ్యూజు చోట తీగ చుట్టకండి. రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు తీసి, వైరులోంచి లాగిన రాగి పోగు ఆ కాళ్ల చుట్టూ తిప్పి, మళ్లీ గుచ్చేసి "ఇంక కాలదు" అంటారు. సిగరెట్ పెట్టెలో సిల్వర్ కాగితం మడిచి పెట్టేవాళ్లూ ఉన్నారు. కాలదు, నిజమే. 10 ఆంపియర్లకి తెగాల్సిన చోట ఇప్పుడు ముప్పై, నలభై పారినా తెగదు. తెగడం మానేస్తే వైరింగు మొత్తం హీటరు తీగలా ఎర్రబడుతుంది. ఆ వైరింగు వెళ్లేది పెట్రోలు ట్యాంకు కిందనుంచి, పెట్రోలు పైపు పక్కనుంచి. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని బండి చెబుతోంది. హ్యాండిల్ మలుపు దగ్గర, సీటు బోల్టు కింద, వెనక మడ్‌గార్డు అంచున తోలు ఊడిన వైరు వెతకండి. అదే ఆంపియర్ ఫ్యూజు వేయండి, అదనంగా రెండు ఫ్యూజులు బండిలో ఉంచుకోండి. వాటి ఖరీదు టీ డబ్బులే.

వైరులో కరెంటు ఉందో లేదో చూడటానికి దాన్ని బాడీకి తాకించి నిప్పు రాలుతుందా అని చూసే అలవాటు కూడా ఇవాళే మానాలి. పెట్రోలు ఆవిరి ఉన్న చోట ఆ నిప్పు చాలు. పైగా బీఎస్-6 బండిలో ఆ ఒక్క తాకిడికి వేల రూపాయల కంప్యూటరు పోవచ్చు. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి "బండి ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టే" అని పరీక్షించడం అంతే ప్రమాదం. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి బల్బులు, మీటరు, కంప్యూటరు అన్నీ దెబ్బతింటాయి. ఎప్పుడో పాత బళ్లమీద నేర్చుకున్న విద్య అది. పెద్ద మెకానిక్‌ల మీద నాకు గౌరవమే. ఆ ఒక్క పద్ధతి మాత్రం కుర్రాళ్లకి నేర్పొద్దని వాళ్లని చేతులెత్తి అడుగుతున్నాను.

వోల్టేజీ 15 దాటుతున్న బండి ఇంకో రకం ముప్పు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అతిగా ఛార్జ్ అయితే లోపల నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో ఆ వాయువు 4 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. బ్యాటరీ పొట్ట ఉబ్బినా, ముట్టుకుంటే కాలుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా ఇంజన్ ఆపేసి దూరం జరగండి. బీడీ, లైటరు దగ్గరికి రానివ్వకండి. అందులో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం పావుగంట కడుగుతూ ఉండి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. కడగకుండా పరుగెత్తితే దారిలోనే కన్ను పోవచ్చు.

హెడ్‌లైటు చాలడం లేదని తెల్లటి ఎల్ఈడీ దీపాలు రెండు కట్టించుకునేవాళ్లు పెరిగారు. కాయిల్ పుట్టించగలిగిన దానికంటే ఎక్కువ లాగితే ఆ లోటు బ్యాటరీ భరించాలి, అది ఎప్పటికీ నిండదు. ఆ దీపాలకి వైరు ఎక్కడో మధ్యలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి కలుపుతారు. మన వానకి ఆ టేపు నెల కూడా ఆగదు. రిలే, విడిగా ఫ్యూజు లేకుండా ఏ దీపమూ కట్టించుకోకండి. ఎదురు వచ్చేవాడి కళ్లు కప్పేసే ఆ దీపాలు అసలు వద్దనే నేనంటాను.

మన జిల్లాల లెక్కలో తుపాను కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన గులాబ్. మూడూ దసరా అటూఇటూగా వచ్చినవే. నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పకండి, సెల్ఫ్ అసలు కొట్టకండి. ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండి. కప్లర్లన్నీ విప్పి మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూశాకే మిగతా పని. ఉప్పునీరు తగిలితే ఎండబెట్టడం ఒక్కటే చాలదు, తప్పకుండా కడగాలి. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం బండిని ఇంటి లోపల, వసారాలో తలుపులు మూసి ఆన్‌లో పెట్టకండి. పొగలో వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విద్యుత్ స్కూటర్లు కొన్నవాళ్లకి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో హోటల్ కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైనున్నవాళ్లలో 8 మంది బలయ్యారు. పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టకండి. వరదనీరు తగిలిన లిథియం బ్యాటరీని కంపెనీవాళ్లు చూసేదాకా ప్లగ్గులో గుచ్చకండి.

అధికారులు చేయగలిగింది చాలా ఉంది, దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మడపాం, నాతవలస టోల్‌గేట్ల దగ్గర పోలీసులు హెల్మెట్ చూసే చేత్తోనే వెనక లైటూ చూడాలి. వెలగకపోతే జరిమానా రాసి పంపేయకుండా, అక్కడే బల్బు, ఫ్యూజు మార్పించి పంపాలి. పైడిభీమవరంలో యాజమాన్యాలు షిఫ్టు గేటు దగ్గర వారానికోసారి కార్మికుల బళ్లకి మీటరు పెట్టించి చూపాలి. ప్రభుత్వ ఐటీఐలు చుట్టుపక్కల మెకానిక్‌లని పిలిచి బీఎస్-6 వైరింగు మీద రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు పల్లెలన్నీ బళ్ల మీద విజయనగరం చేరతాయి, పొద్దుపోయాక తిరిగి పోతాయి. ఆ వారానికి ముందే ఈ తనిఖీలు అయిపోవాలి.

ఇవన్నీ జరిగేలోపు మీ బండి దారిలో ఆగిపోతే ఏం చేయాలో కూడా రాసి పెట్టుకోండి. లైటు ఎర్రబడటం మొదలవగానే, ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ఎడమవైపు దిగిపోండి. తారు అంచు దాటి మట్టిలోకి, వీలైతే ఇనప కమ్మీకి అవతలికి బండిని తోసేయండి. రోడ్డు మీదే ఉంచి సీటెత్తి వైర్లు చూస్తూ కూర్చోకండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు దూరంగా పంపండి. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, వచ్చే వాహనాలకి కనపడేలా వెనకవైపు తిప్పి పట్టుకోండి. జాతీయ రహదారి సాయం నంబరు 1033, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దెబ్బలు తగిలితే 108. ఇంటి నుంచి ఎవరైనా వచ్చేదాకా కమ్మీకి అవతలే నిలబడండి, బండి పొద్దున్నే తెచ్చుకోవచ్చు.